ఎండదేశములో పక్షుల ఛాయాచిత్రములు



దసరా సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, తన తండ్రి ఫోనుతో తీసిన చిత్రమొకటి చూపెను. దానిలో తెల్లని ఆకాశము కలదు. అడ్డముగా విద్యుత్తీగ కలదు. తీగమీద నల్లని చుక్క యొకటి కలదు. "ఇది యేమి?" అని యడిగితిని. "పాలపిట్ట సార్" అనెను. దసరానాడు పాలపిట్టను చూచుట మన తెలంగాణమున ఆచారము. అది మన రాష్ట్రపక్షి యని మీరు చదివియే యున్నారు. అది ఱెక్క విప్పినపుడు మెఱయు లేతనీలమును ముదురునీలమును ఎఱుగని బాలుడు మన పల్లెలలో నుండడు. అట్టి పక్షి తన చిత్రములో చీమవలె కనబడినందుకు వాడు మిక్కిలి చిన్నబోయి యుండెను. "పెద్ద కెమెరా కొననిదే పక్షిచిత్రము రాదా సార్?" అని వాడు అడిగిన ప్రశ్నకు అప్పుడు రెండు మాటలలో ఏదో చెప్పి పంపితిని. ఆ ఉత్తరము నాకే చాలలేదు. ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినపుడు ఆ ప్రశ్నయే ముందుగా జ్ఞప్తికి వచ్చినది.

ఈ విద్యను గూర్చిన గ్రంథములు పెక్కు ఇంగ్లండు మొదలగు చలిదేశములవారు వ్రాసినవి. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో అట్టి పుస్తకమొకటి నా చేతికి దొరకినది. అందు చెప్పిన ప్రతి మాటను ఇక్కడి రాతినేలకును సరిపోవునని నమ్మి కొన్ని యేండ్లు నడచితిని. దానివలన జరిగిన కీడును మీకు దాచను, ముందుముందు చెప్పెదను. మొదట ఆ బాలుని చీమ సంగతి తేల్చుకొందము.

దీనికి మీ తరగతి లెక్కలే చాలును. కెమెరా లోపలి తెరపై పడు బింబము ఎంత పొడవుండునో తెలియవలెనన్న, వస్తువు పొడవును కటకపు నాభ్యంతరముచే గుణించి, వస్తువునకు గల దూరముచే భాగింపవలెను. పాలపిట్ట పొడవు ఇంచుమించు 30 సెంటీమీటరులు, అనగా 300 మిల్లీమీటరులు. ఫోనులోని కటకపు నాభ్యంతరము 6 మిల్లీమీటరులనియు, దాని తెర వెడల్పు 9 మిల్లీమీటరులనియు అనుకొందము. పక్షి 10 మీటరుల దూరముననున్నచో బింబము 0.18 మిల్లీమీటరు మాత్రమే. తెర వెడల్పులో అది ఏబదవ వంతు. ఆ బాలుడు తీగ క్రింద నిలువలేదు. రోడ్డుకు ఆవల నిలిచి తీసినాడు. ఇక చీమ గాక మఱేమి కనబడును? 400 మిల్లీమీటరుల కటకమును, 36 మిల్లీమీటరుల వెడల్పుగల తెరయును ఉన్న పెద్ద కెమెరాతో అదే 10 మీటరులనుండి తీసినచో బింబము 12 మిల్లీమీటరులు వచ్చును. తెరలో మూడవ వంతు నిండును.

కావున పెద్ద కటకము మేలు చేయుననుట నిజమే. కాని అదే సూత్రమును మఱియొక వైపునుండి చూడుడు. భాగించునది దూరము. దూరము సగమైనచో బింబము పొడవు రెట్టింపగును, వైశాల్యము నాలుగు రెట్లగును. దీనికి డబ్బు అక్కఱలేదు, ఓర్పు కావలెను. పక్షికి మనము దగ్గర కావచ్చును, లేదా పక్షియే మన దగ్గరకు వచ్చునట్లు కూర్చుండవచ్చును. ఈ రెంటిలో రెండవదే మేలని నా యనుభవము. నడచి వచ్చు మనుష్యుడు పక్షికి వేటగాడు. ముందే కూర్చున్న మనుష్యుడు కొంతసేపటికి బండరాయి.

ఇంగ్లండులోని యార్కుషైరునకు చెందిన రిచర్డు కియర్టను, చెర్రీ కియర్టను అను సోదరులు ఈ విద్యకు మూలపురుషులలో చేరినవారు. 1892లో గుడ్లతో కూడిన గూటి ఛాయాచిత్రము తీసిరి. 1895లో వారు ప్రకటించిన బ్రిటిషు పక్షుల గూళ్ల గ్రంథములోని చిత్రములన్నియు బయట ప్రకృతిలో తీసిన ఛాయాచిత్రములే. పక్షులు మనిషిని చూచి బెదరునని, 1900లో వారొక ఎద్దు చర్మమును బోలుగా నిలబెట్టించి, దాని కడుపులో దూరి చిత్రములు తీసిరి. ఈ కథ చదివి నేను నవ్వుకొంటిని. మన నేలపై అట్టి బొమ్మయెద్దుతో పని యేమి? దున్నుచున్న నాగలి వెంట తెల్లకొంగలు అడుగు దూరమున నడచును. మేయుచున్న బఱ్ఱె వీపుమీద ఏట్రింత కూర్చుండి పురుగులకై చూచును. మన పక్షులు పశువులకును, పశువులకాపరికిని, ట్రాక్టరునకును అలవాటుపడినవి. ఆకుపచ్చ గుడ్డ గుడారము తెచ్చి నిలిపినచో వాటికది వింతవస్తువు. గొల్లవాని నల్లగొంగడి వింత కాదు. నేను కప్పుకొన్న గొంగడికి ఆఱు మీటరుల దూరమున పైడికంటె జత యొకటి తమ చింతతొఱ్ఱ ముందు కూర్చుండి ఒకదాని మెడ నొకటి గోకికొనుట చూచితిని. ప్రొద్దెక్కిన పిమ్మట గొంగడిలో ఉండుట ఎట్లుండునో వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఆగియున్న మోటారు కూడ మంచి మాటే. తలుపు తీసి దిగినంతనే దాని మహిమ పోవును.

ఇక వెలుతురు. చలిదేశపు గ్రంథకర్త ఎండకొఱకు మొగము వాచియుండును. ఎండ కాసినదే చాలునని వ్రాయును. మన కథ వేఱు. నల్లగొండ, మహబూబునగరు పట్టణములు ఉత్తర అక్షాంశము 17 డిగ్రీలకు కొంచెము అటునిటుగా నున్నవి. మే నెల 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 4వ తేదీ ప్రాంతమునను మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా మన నడినెత్తిన నుండును. పాఠశాల ఆవరణలో నిలువుకఱ్ఱ నాటి చూడుడు, నీడ దాని మొదటనే అణగిపోవును. లండనులో జూను నెల నడుమ మధ్యాహ్నము కూడ సూర్యుడు 62 డిగ్రీలకు మించి ఎక్కడు. అనగా వారికి పగలంతయు ప్రక్కవెలుతురు. మనకు ఎండకాలములో తొమ్మిది గంటలు కాకముందే నెత్తివెలుతురు. నెత్తివెలుతురులో పక్షి వీపు తెల్లబోవును, పొట్ట నల్లబడును, అన్నిటికంటె ముఖ్యముగా కన్ను చీకటిలో పడును. కంటిలో వెలుతురు చుక్క లేని పక్షి గడ్డి కూరిన బొమ్మవలె నుండును. కాబట్టి సూర్యోదయము మొదలుకొని ఎనిమిదిన్నఱ వఱకు, మరల సాయంకాలము నాలుగున్నఱ తరువాత, ఇవియే మన పనివేళలు. వానకాలములో పలుచని మబ్బు పట్టిన దినము పగలంతయు పని చేయవచ్చును. ఎండిన చెఱువునేలయు, ఇసుకయు క్రిందినుండి వెలుతురు చిమ్మి పక్షి పొట్టను కొంత తెలుపుననుట ఒక చిన్న ఉపకారము.

మన ఎండకు పాతకాలపు లెక్క యొకటి కలదు. నిండు ఎండలో కటకపు ద్వారమును ఎఫ్ 16 అను గుర్తునకు పెట్టి, ఫిల్ము వేగము 100 అయినచో సెకండులో నూఱవ వంతు, 200 అయినచో ఇన్నూఱవ వంతు తెఱచిన చాలును. నేటి కెమెరాకును ఇదే వర్తించును. ద్వారమును ఎఫ్ 5.6 వఱకు పెద్దది చేసినచో వెలుతురు ఎనిమిది రెట్లు లోపలికి వచ్చును. కాబట్టి 200 వేగమున సెకండులో 1,600వ వంతు చాలును. ఎగురు పక్షికి ఇంత తక్కువ కాలము కావలెను. సెకండునకు 10 మీటరుల వేగమున పోవు పక్షి నూఱవ వంతు సెకండులో 10 సెంటీమీటరులు కదలును. చిత్రములో దాని ఱెక్క పొగవలె నుండును. వేయవ వంతులో ఒక్క సెంటీమీటరే కదలును.

కెమెరా తానే వెలుతురును కొలుచును గదా యని మీరనవచ్చును. కొలుచును గాని దానికి వివేకము లేదు. తాను చూచినదెల్ల నడిమి బూడిదరంగు కావలెనని దాని పట్టు. కొంగ చిత్రమంతయు నిండియున్నచో దానిని బూడిదరంగు చేయును. అప్పుడు వెలుతురు పెంపవలెను. అదే కొంగ నల్లని చెఱువునీటి నడుమ చిన్నదిగా నున్నచో కెమెరా నీటిని చూచి వెలుతురు పెంచును, కొంగ సున్నపు ముద్దయగును; అప్పుడు తగ్గింపవలెను. ఆకాశము ముందున్న ఏట్రింత బొగ్గుముక్కవలె వచ్చును, దానికి పెంపవలెను. మన బాలుని పాలపిట్ట నల్లబడుటకు కారణము ఇదియే. తప్పు సగము దూరముది, సగము తెల్లని ఆకాశముది.

పది గంటల తరువాత మఱియొక శత్రువు వచ్చును. కాగిన రాతినేలనుండి వేడిగాలి లేచి వెలుతురును వంచును; ఎండమావులను కల్పించునదియు అదియే. ఆ గాలిగుండ దూరపు పక్షిని తీసినచో ఎంత విలువగల కటకమైనను చిత్రము నీటిలో తీసినట్లు వణకును. దీనికి మందు లేదు; ఇంటికి పోవుటయే. వానకాలములో కటకమునకు బూజు పట్టును. తేమ పీల్చు సిలికా గుళికలతో మూతగట్టి డబ్బాలో పెట్టి కాపాడుకొనుడు.

ఇంతవఱకు చెప్పినది చిత్రము చెడుటను గూర్చి. ఇకమీద చెప్పునది పక్షి చెడుటను గూర్చి. నేను దాచనని చెప్పిన సంగతి ఇదియే.

పదునెనిమిది యేండ్ల క్రిందట, ఏప్రిలు నెలలో, నల్లగొండకు పడమట ఒక చెఱువు శిఖములో తీతువు గూడు చూచితిని. గూడనుట మర్యాదకే. నేలలో చిన్నగుంట, దాని చుట్టు గులకరాళ్లు, మేకపెంటికలు. నడుమ నాలుగు గుడ్లు, మొనలు లోపలికి చేర్చి పెట్టినవి. మట్టిరంగుమీద నల్లమచ్చలు గల ఆ గుడ్లను రాళ్లనుండి వేఱుచేసి చూచుటకు నాకు చాలసేపు పట్టెను. తీతువు కూత అపశకునమని మనవారు భయపడుదురు. నిజమునకు ఆ కూత మనకు కీడు చెప్పుట కాదు; మనవలన తనకు కీడు వచ్చుచున్నదని తన జతకు చెప్పుట.

నా ఇంగ్లీషు పుస్తకములో గూటికడ పనిని గూర్చి యొక నియమముండెను. తల్లి లేచిపోయినచో గుడ్లు చల్లబడి లోపలి పిండము చచ్చును గావున, చలిగానున్న దినమునను వాననాడును గూటికడకు పోరాదు. వెచ్చగా ఎండ కాయు దినమును ఏఱుకొనవలెను. మంచి నియమమని తలచితిని. ఏప్రిలు నెల ఎండకంటె వెచ్చనిది ఎక్కడ దొరకును? తొమ్మిది గంటలకు గుడ్డమాటు కట్టి, గూటికి ఏడెనిమిది గజముల దూరమున ఫిల్ము కెమెరాతో కూర్చుంటిని. పక్షులు రెండును అఱచుచు నా నెత్తిమీద తిరిగెను. "గుడ్లు చల్లబడవు; తొందర యేమి?" అని నాకు నేనే చెప్పుకొంటిని. నలుబది నిమిషములకు ఒకటి వచ్చినది. వచ్చి గుడ్లమీద నిలిచినది. గుడ్డ గాలికి కొట్టుకొనగానే లేచిపోయినది. మరల వచ్చినది. పదకొండు గంటల వఱకు ఇట్లే జరిగెను. ఆఱు చిత్రములు తీసితిని. ఒకదానిలో పక్షి కాళ్లు నిలువుగా నుంచి, ఱెక్కలు కొంచెము జాఱవిడిచి, నోరు తెఱచి గుడ్లమీద నిలిచియుండెను. ఇంత మంచి చిత్రము నేను అంతకుముందు తీసి యుండలేదు.

మాటు విప్పుచుండగా గొఱ్ఱెల వెంట వచ్చిన ముసలి గొల్లవాడు నన్ను చూచి నిలిచెను. "సారూ, పొద్దట్నుంచి ఈడనే ఉన్నరా?" అని యడిగెను. ఔననియు, పక్షి గుడ్లను పొదుగుచుండగా చిత్రము తీసితిననియు చెప్పితిని.

"అది పొదుగుడు గాదు సారూ" అనెను. "గీ ఎండల పొదిగేదేముంది? గుడ్లకు నీడ వట్టుడు. మీరున్నంతసేపు అది పోయింది, గుడ్లు ఉడికిపోయినయి."

ముసలివాని మాటకు నేను లోలోపల చిఱునవ్వు నవ్వుకొంటిని. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడను గదా. అయినను ఆ మాట ముల్లువలె నాటుకొనెను. వారమునకొకసారి సైకిలుమీద పోయి దూరమునుండి చూచుచుంటిని. తీతువు గుడ్లు 28 మొదలు 30 దినములలో పగులును. నేను చిత్రము తీసిన తరువాత నలుబది దినములకును ఆ పక్షులు వంతులవారీగా ఆ గుడ్లమీద కూర్చుండియే యుండెను. తొలకరి చినుకులు పడిన పిమ్మట పోయి చూడగా పక్షులు లేవు. నాలుగు గుడ్లును అట్లే యున్నవి. ఒకటి చేతికి తీసికొంటిని. చాల తేలికగా నుండెను.

నా రెండు గంటలే వాటిని చంపెనని రుజువు చేయజాలను. కాని శాస్త్రము ఎవరి పక్షమున నున్నదో పిమ్మట చదివి తెలిసికొంటిని. పక్షిపిండము పెరుగుటకు 37, 38 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి తగినది. దానికి తక్కువైనచో పిండము పెరుగుట ఆగును. కొంతసేపు చల్లబడి మరల వెచ్చబడినను చాలమాఱులు బ్రదుకును. ఎక్కువైనచో అట్లు కాదు. పైకి పోవుటకు గల ఎడము మూడు నాలుగు డిగ్రీలే. అది దాటి నిలిచినచో తిరుగు దారి లేదు. నల్లగొండలో ఎండకాలపు గాలివేడిమి 45 డిగ్రీలు దాటుట మీకు క్రొత్త కాదు. అది నీడలో కొలిచిన వేడిమి. ఎండకు తెఱపియైన నేల 50 డిగ్రీలు మించి కాగును. అట్టి నేలమీద తల్లి చేయునది గుడ్లను వెచ్చబెట్టుట కాదు, చల్లబఱచుట. తీతువు నీటికడకు పోయి పొట్ట యీకలను తడిపికొని వచ్చి ఆ తడితో గుడ్లమీద నిలుచుననియు శాస్త్రజ్ఞులు చూచి వ్రాసిరి. చెఱువు శిఖములో అది గుడ్లు పెట్టుటకు కారణము నాకప్పుడు బోధపడినది. నేను మాటు కట్టినది గూటికిని నీటికిని నడుమ.

కాబట్టి చలిదేశపు నియమమును మన దేశమున తలక్రిందులుగా చదువవలెను. వారు భయపడునది చలికి. మనము భయపడవలసినది ఎండకు. వారికి వెచ్చని దినము క్షేమము. మనకు ఎండకాలపు పగలు తొమ్మిది గంటల తరువాత గూటి దరిదాపులకు పోవుటయే తగదు. గూటిమీద వెలుతురు పడుటకు అడ్డముగా నున్న రెమ్మను వంచుట, ఆకులను కోయుట అక్కడి పుస్తకములలో చిన్న సంగతులు. ఇక్కడ ఆ రెమ్మయే ఇంటికప్పు. పిగిలిపిట్ట పిల్లలకు ఈకలు రాకముందు ఆ కప్పు తీసినచో ఎండ ఎంతసేపటిలో తన పని ముగించునో చెప్పనక్కఱలేదు. పైగా వంగిన రెమ్మ కాకికి దారి చూపును.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేట యనగా నేమో వివరించు చోట, పక్షుల గుడ్లను గూళ్లను చెఱచుటయే గాక, వాటికి కలత కలిగించుట కూడ వేటగానే చెప్పబడినది. తుపాకి పట్టినవాడే వేటగాడని మనము తలంతుము. సలీం అలీ పండితుడు 1931లో నైజాము రాజ్యపు పక్షులను పరిశీలించుటకు బయలుదేఱి, మన అమ్రాబాదు పీఠభూమిమీది ఫరహాబాదు అడవికి కూడ వచ్చినపుడు, పక్షులను తుపాకితో కొట్టి చర్మములు సేకరించియే వాటి జాతులను నిర్ణయించెను. ఆ కాలమున శాస్త్రమునకు వేఱు దారి లేకుండెను. నేడు కెమెరా ఆ తుపాకిని చాలవఱకు దింపివేసినది. కాని కెమెరా చేతనున్నవాడు తన చేతిలో ఏమియు లేదనుకొనుటయే ప్రమాదము. ఫోనులో పక్షికూతను మ్రోగించి నిజపక్షిని పిలుచుట ఇప్పటి మఱియొక అలవాటు. తన పొలిమేర లోనికి పగవాడు వచ్చెనని ఆ పక్షి గూడు విడిచి పరుగెత్తి వచ్చును. మన చిత్రము మనకు దొరకును. దాని ప్రొద్దు దానికి పోవును.

మనిషి లేనిచోట చిత్రము తీయుట కూడ ఈ విద్యలో నొక భాగమే. కడప సీమ పొదలలో తిరుగు కలివికోడి కథ మీరు వినియుందురు. జెర్డను అను వైద్యుడు దానిని 1848లో లోకమునకు తెలిపెను. ఆయన తన గ్రంథములలో మన పక్షులకు తెలుగు పేళ్లు కూడ వ్రాసి పెట్టిన పుణ్యాత్ముడు. 1900 తరువాత అది ఎవరికిని కనబడక, నశించినదనియే యెంచబడెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్, ఆ ప్రాంతపు వేటగాడు ఐతన్న తోడ్పాటుతో మరల దానిని కనుగొనెను. అది రాత్రి తిరుగు పక్షి. మనిషి అలికిడికి పొదలో మాయమగును. పిమ్మటి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పఱచి దాని అడుగుజాడలు పట్టిరి. తానై పనిచేయు కెమెరాలను కట్టి, అది ఎదుటికి వచ్చినపుడు దాని చిత్రమును అదే తీసికొనునట్లు చేసిరి. ఆ పద్ధతి 2002లో శాస్త్రపత్రికలో ప్రకటింపబడినది. మన అమ్రాబాదు అడవిలో పులులను లెక్కించుటకు చెట్లకు కట్టు కెమెరాలు ఇట్టివే. ఆ అడవిలోనికి చిత్రములకై పోవలెనన్న అటవీశాఖవారి అనుమతి పొందవలెను.

అంత దూరము పోనక్కఱలేదు. మొదట నేర్చుకొనువారికి గిజిగానికంటె మంచి గురువు లేడు. మన పొలములలోని మోటబావులమీదికి వంగిన ఈతచెట్లను, తుమ్మకొమ్మలను చూడుడు. వానలు పడి గడ్డి పెరిగిన తరువాత మగపక్షులు పచ్చిగడ్డిపోచలు చీల్చి తెచ్చి గూళ్లు అల్లును. సగము అల్లిన గూటికడ ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చినచో ఉండును, లేనిచో పోవును. మీరు బావికి ఈవలి గట్టున కూర్చుండినచో నడుమనున్న నీటిగుంటయే మీకును వాటికిని సరిహద్దు; అవి మిమ్ము లెక్కచేయవు. గూడు వ్రేలాడునది గావున లోపలి గుడ్లకు ఎండ తగలదు. పక్షి ఒకే చోటికి మాటిమాటికి వచ్చును గావున ఒకమాఱు తప్పినది రెండవమాఱు దొరకును. బావిగట్టు రాళ్లు జాఱును, ఒంటరిగా పోకుడు.

చలికాలమున నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు ఉదయసముద్రము, డిండి, కోయిలసాగరము మొదలగు నీటిపట్టులకు పోవచ్చును. ఉదయము మంచుతెర విడుచుచుండగా నీటిపై వెలుతురు చాల మెత్తగా నుండును. నీటికోళ్లను కొంగలను గట్టుమీదినుండియే తీయుడు. గుంపును లేపి ఎగురునట్లు చేసి తీయుట నాకు ఇష్టము లేదు, క్రిస్మసు సెలవులలో వచ్చువారు పెక్కురు అదియే చేయుదురు. మహబూబునగరు దగ్గరి పిల్లలమఱ్ఱి పండ్లు పండిన దినములలో పక్షులకు సంతవంటిది. కాని ఆకుల చీకటిలో వెలుతురు చాలదు. రాళ్లగుట్టల అంచులలో పెద్ద గుడ్లగూబలు గుడ్లు పెట్టును. వాటి జోలికి పోవలదు. ఎరిక్ హాస్కింగు అను ప్రసిద్ధుడైన ఇంగ్లీషు పక్షిచిత్రకారుడు 1937లో గూటికడ గుడ్లగూబ తన్నగా ఒక కన్ను పోగొట్టుకొనెను.

ఆ తొమ్మిదవ తరగతి బాలుడు మొన్న మరల వచ్చినాడు. తండ్రి ట్రాక్టరుతో దున్నుచుండగా వీడు ప్రక్కన కూర్చుండి, మూడు ఉదయములు పొలమంతయు తిరిగినాడట. చక్రము వెంట లేచు పురుగులకై పాలపిట్ట వచ్చి, ట్రాక్టరు మలుపుకడ నున్న గట్టురాతిపై వాలుచుండెనట. నాలుగవనాడు సూర్యుడు వెనుకనుండునట్లు చూచుకొని, రాతికి నాలుగు మీటరుల దూరమున ట్రాక్టరు ఆగినపుడు తీసినాడు. లెక్క వేసితిమి: బింబము 0.45 మిల్లీమీటరు, తెరలో ఇరువదవ వంతు. పెద్దది చేసి చూడగా నీలము నీలముగానే యున్నది. కంటిలో చుక్క కూడ కలదు. దానిని అచ్చువేయించి విజ్ఞానశాస్త్రపు గదిలో గోడకు అంటించితిమి.

దాని ప్రక్కన నా తీతువు చిత్రము చాలకాలముగా నున్నది. దాని క్రింద "పొదుగుచున్న తీతువు" అని నా చేతివ్రాత యుండెను. ఆ మాటలను కొట్టివేసి, "గుడ్లకు నీడ పట్టుచున్న తీతువు, ఏప్రిలు, పగలు పదిన్నఱ గంటలు, గుడ్లు పగులలేదు" అని వ్రాసితిని.